పెద్దాయనకి పండగ పడదు

మా కొట్టుకి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపువాడు ఏటా డిసెంబరు మొదట్లో కాగితపు నక్షత్రాలు తెచ్చి గుమ్మం నిండా వేలాడదీస్తాడు. ఎర్రవి, పచ్చవి, లోపల బల్బు పెట్టుకునేవి. వాడు నిచ్చెన ఎక్కడం చూస్తే చాలు, నా చెయ్యి దానంతటదే వెనకనున్న బీరువాలో రెండో అర మీదికి పోతుంది. అక్కడ పోగుపడిన దారపుండలు, గమ్ము డబ్బాలు, కాలేజీ పిల్లలు ఇచ్చి మర్చిపోయిన ప్రాజెక్టు రికార్డులు అన్నీ తీసి కింద పడేస్తాను. అరంతా తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడుస్తాను.

మొన్న కూడా అదే పని చేశాను. తుడవడం అయ్యాక గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడితే గుర్తొచ్చింది, ఇక ఆ అరలోకి వచ్చేవాళ్ళెవరూ లేరని. తెచ్చే మనిషి ఎండాకాలంలోనే పోయారు. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు మాత్రం వచ్చింది. ఇంత అలవాటు చేసి వెళ్ళిపోవడం ఏం మర్యాద?

ఆయన పాదిరి. కృష్ణా జిల్లాలో క్రైస్తవులు తమ పాదిరిని పేరుతో పిలవరు, అయ్యగారంటారు. మేం ముస్లింలం. అయినా మాకూ ఆయన అయ్యగారే, ఎందుకంటే ఇంకోలా పిలిస్తే ఆయన తిరిగి చూసేవారు కాదు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, భుజాన మంగళగిరి తువ్వాలు. సైకిలు మానేసి మోపెడ్ కొన్నాక కూడా ప్యాంటు అంచుకి సైకిలు క్లిప్పు ఉండాల్సిందే. "ఇన్నేళ్ళు అక్కడున్నది, తీసేస్తే పాపం ఎక్కడికి పోతుందమ్మా" అనేవారు. వస్తువుల మీద కూడా ఆయనకి అలాంటి జాలి.

గవర్నర్‌పేటలో మా బైండింగు కొట్టు నాన్న పెట్టింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక డిసెంబరు పొద్దున అయ్యగారు మొదటిసారి మా మెట్లెక్కారు. చేతిలో తువ్వాల్లో చుట్టిన పుస్తకం. నాన్న విప్పి చూసి, వెంటనే చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ చూశారు. తోలు అట్ట, చింతపండు రంగుకి తిరిగింది. కాగితం మాత్రం గట్టిగా ఉంది. ఇంగ్లీషే గాని నాకు తెలిసిన ఇంగ్లీషులా లేదు. ఇంగ్లాండులో ప్యూరిటన్లని ఒక రకం బోధకులుండేవారట, గుడిలో ఆడంబరాలు గిట్టని వాళ్ళు. వాళ్ళలో ఒకాయన చెప్పిన ప్రసంగాలట అవి. మూడున్నర వందల ఏళ్ళ పైమాట. మిషన్ బంగళా ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఆఖరి దొరసాని కుర్రపాదిరిగా ఉన్న అయ్యగారి చేతిలో పెట్టి పోయిందట.

"కుట్టు వదులైంది, బిగించాలా అయ్యగారూ? అట్ట మాత్రం నేను ముట్టుకోను" అన్నారు నాన్న.

"ఏమీ చెయ్యొద్దు భాయ్. పండగ వెళ్ళేదాకా మీ దగ్గర ఉంచండి, చాలు."

"ఎందుకండీ?"

అయ్యగారు కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. "ఈ పెద్దాయనకి క్రిస్మస్ పడదు. పండగ చెయ్యమని లేఖనాల్లో ఎక్కడుంది అంటాడు. తిండి, పాట, దీపాలు అన్నీ దండగంటాడు. ఇందులో ఒక ప్రసంగం ప్రసంగమంతా అదే తిట్టు. మా ఇంట్లో చూస్తే ఇవాళ స్టార్ కట్టాం. రేపట్నుంచి అమ్మగారు అరిసెల పాకం పెడుతుంది. సాయంత్రమైతే పిల్లలు డ్రమ్ము వేసుకుని పాటలకి వస్తారు. అంత పెద్దమనిషిని కూర్చోబెట్టి ఆయన ఎదురుగా ఇవన్నీ చేస్తే బాగుంటుందా? పోనీ మానేద్దామా అంటే, నాకు ఇష్టం."

నాన్న కాసేపు ఆలోచించారు. "మా ఇంట్లోనూ క్రిస్మస్ లేదు కదండీ. ఆయనకి ఇబ్బందేం ఉండదు" అన్నారు, చాలా మామూలుగా.

అలా ఆ ఇద్దరికీ కుదిరింది. బీరువా పై అరలో ఖురాన్, దాని కింద అరలో పెద్దాయన, ఆ కింద ఇంటిపన్ను రసీదులు. డిసెంబరు నెలంతా మా కొట్టుకి వచ్చినవాళ్ళెవరైనా గట్టిగా మాట్లాడితే నాన్న బీరువా వైపు చూసి "నెమ్మదిగా" అనేవారు. కొత్త సంవత్సరం వెళ్ళాక అయ్యగారు వచ్చేవారు. ఒక చేతిలో కేకు, జంతికలు ఉన్న పళ్ళెం, పైన చేత్తో అల్లిన గుడ్డ. "అద్దె" అని పళ్ళెం ఇచ్చి పుస్తకం తీసుకెళ్ళేవారు. అందులో సగం కేకు ఆయనే తిని వెళ్ళేవారనుకోండి, అది వేరే సంగతి.

ఆ పుస్తకం రాసినాయన పేరు అయ్యగారి నోట ఒక్కసారి కూడా వినలేదు. అడిగితే, "ఇంటి పెద్దని పేరు పెట్టి పిలుస్తామా" అనేవారు. పుస్తకం మొదటి పేజీలో ఉంటుంది, చూడొచ్చు. చూశాను కూడా. కానీ నాకూ పెద్దాయన అనే అలవాటైంది.

పెద్దాయన దగ్గర అయ్యగారు నేర్చుకున్నది ఒకటుంది. ఆ కాలపు బోధకులు ఏ వాక్యం తీసుకున్నా మూడు మెట్లు ఎక్కేవారట. ముందు సిద్ధాంతం, తర్వాత కారణాలు, ఆ తర్వాత ప్రయోజనాలు. ప్రయోజనాల్లో మళ్ళీ గద్దింపు ఒకటి, ఆదరణ ఒకటి. గుడిలో చెబితే సరే. అయ్యగారికి అది ఒంటికి పట్టేసింది. దోసకాయలు బేరమాడినా ఆ వరసే, ఆటో ఎక్కినా ఆ వరసే. ఒకసారి మా కొట్లో టీ గ్లాసు పట్టుకుని మొదలెట్టారు.

"సిద్ధాంతం. చల్లారిన టీ తాగరాదు. కారణాలు. ఒకటి, నాలుకకి నష్టం. రెండు, కాచినవాడికి అవమానం. ఇక ప్రయోజనాలు. గద్దింపు మీ నాన్నకి, కబుర్లు చెప్పి చల్లార్చాడు గనక. ఆదరణ నాకు, ఇప్పుడు ఇంకోటి చెప్పిస్తాడు గనక."

నాన్న నవ్వుతూ టీ కుర్రాణ్ణి కేకేశారు. పెద్దాయన వేదిక మీద ఇసుక గడియారం పెట్టుకుని చెప్పేవాడట. గంటకి ఇసుకంతా కిందికి దిగితే దాన్ని తలకిందులు చేసి మళ్ళీ మొదలెట్టేవాడట, జనం కదిలేవారు కాదట. "మావాళ్ళు ఇరవై నిమిషాలు దాటితే కళ్ళు మూసుకునే కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటారు" అని అయ్యగారు తన సంఘం గురించి ముద్దుగా చెప్పుకునేవారు.

రిటైరయ్యాక ఆయన గుణదలలో ఒక సందులో ఉండేవారు. గుణదల మేరీమాత తిరునాళ్ళకి పల్లెల నుంచి జనం ఆ సందు గుండానే నడిచిపోయేవారు. ఆయన ప్రొటెస్టెంటు పాదిరి, వాళ్ళది కాథలిక్కుల పండగ. అయినా గుమ్మంలో బెంచీ వేసి కుండలతో మజ్జిగ పోసేవారు. "మరి పెద్దాయన ఒప్పుకున్నాడా?" అని నేను ఎగతాళి చేస్తే, "ఆ రోజుల్లో గోడవైపు తిప్పి పెడతానమ్మా" అన్నారు. అప్పుడు కూడా మా ఇంటికి తేవచ్చు కదా అంటే ఆయన లెక్క ఆయనకుంది. "ఏడాదికొకసారి చాలు. మాటిమాటికీ ఇంట్లోంచి పంపేస్తుంటే పెద్దాయనకి అనుమానం వస్తుంది."

అయ్యగారు పనిచేసిన సంఘాల్లో ఒకటి కంకిపాడు అవతల. అక్కడి కోత పండగకి ఒక ఏడు మమ్మల్ని కూడా రమ్మన్నారు. నవంబరు ఆఖరు. చర్చి నిండా కొత్త వడ్ల వాసన. గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు అన్నీ వేదిక ముందు పెట్టారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారట. నాన్నని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన ఇబ్బందిపడుతూ టోపీ సర్దుకుంటూ కూర్చున్నారు.

ఆ రోజు అయ్యగారు పెద్దాయన కథ చెప్పారు. రాజుగారి చట్టం వచ్చిందట. ప్రార్థనలు రాజుగారు అచ్చేయించిన పుస్తకంలోంచే చదవాలి, కాదంటే గుడి వదలాలి అని. పెద్దాయన గుడి వదిలాడట. ఇల్లూ వదిలాడు. కొట్టాల్లో, పొలం గట్ల మీద, తలుపులేసుకున్న ఇళ్ళల్లో చెప్పాడు. పట్టుకుంటే జైలు. "కుర్చీ పోయింది గాని మాట పోనివ్వలేదు" అని అయ్యగారు గొంతు పెంచారు. కోళ్ళు కూడా ఊరుకున్నాయి.

వెనక చాప మీద కూర్చున్న ఒక ముసలామె లేచి నిలబడింది. సువార్తమ్మ అంటారు ఆమెని. వరినాట్లకి, కోతలకి పోయే మనిషి, చెయ్యెత్తు మనిషి.

"అయ్యగారూ, ఆయన్ని గుళ్ళోంచి పంపించేశారు సరే. మరి కూడెవరు పెట్టారు?"

అయ్యగారు చేతిలో ఉన్న పెద్దాయన పుస్తకం వైపు చూశారు. నాకు బాగా గుర్తు, రెండు పేజీలు అటూ ఇటూ తిప్పారు కూడా. "పుస్తకంలో లేదమ్మా" అన్నారు చివరికి.

"ఎవరో పెట్టే ఉంటార్లెండి. లేకపోతే అంత పుస్తకం ఎట్టా రాత్తాడు" అని ఆమె కూర్చుంది.

అయ్యగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, గద్దింపు వదిలేసి నేరుగా ఆదరణలోకి దిగిపోయారు. దేవుడు తనవాళ్ళకి అన్నం పెట్టే చేతులు ఎక్కడో అక్కడ ఉంచుతాడన్నారు. ఆ ఊపులోనే నాన్న వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడు కూడా పెద్దాయన నా దగ్గరే ఉంటున్నాడు. వచ్చే నెలంతా బెజవాడలో ఇదిగో, ఈ సాయిబుగారింట్లో ఉంటాడు" అన్నారు. జనమంతా నాన్న వైపు గౌరవంగా చూశారు. ఆ చూపు ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు.

డిసెంబరు మధ్యలో ఒక పొద్దున, కొట్టు తీసి ఊడుస్తున్నాం. సువార్తమ్మ మెట్లెక్కి వచ్చింది. చంకలో సంచీ, చేతిలో స్టీలు డబ్బా.

"పెద్దాయన లేచాడా అయ్యా?" అని మెల్లగా అడిగింది నాన్నని.

"ఏ పెద్దాయనమ్మా?"

"అదేనయ్యా, గుళ్ళోంచి పంపించేసిన పెద్దాయన. మీ ఇంట్లో ఉంటన్నాడంట గదా. చలికాలం, ముసలి ప్రాణం. సంఘంలో ఆడాళ్ళం అందరం కలిసి శాలువా కొన్నాం." సంచీలోంచి ముదురు నీలం ఉన్ని శాలువా తీసింది. కొత్తది, ఇంకా కవరు కూడా విప్పలేదు.

నాన్న నా వైపు చూశారు. నేను చీపురు వైపు చూశాను. నేనైతే ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేసేదాన్ని, ఊళ్ళో లేడనో, నిద్రపోతున్నాడనో. నాన్న అలా చెయ్యలేదు. బీరువాలోంచి తీసి, తువ్వాలు విప్పి, పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు పెట్టారు.

"ఈయనేనమ్మా" అన్నారు.

సువార్తమ్మ చాలాసేపు చూసింది. ఆమెకి సిగ్గేస్తుందేమో, కోపం వస్తుందేమో అని నేను భయపడుతూ నిలబడ్డాను.

"ఇంత చిక్కిపోయాడేంటయ్యా" అంది.

అని నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. నాన్నా నవ్వారు, నేనూ నవ్వాను, పక్క కొట్టువాడు వచ్చి ఏమిటని అడిగినా చెప్పలేకపోయాం. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని ఆమె కవరు చింపి శాలువా తీసింది. తిరిగి తీసుకెళ్తుందనుకున్నాను. పుస్తకానికి చుట్టూ కప్పి, పసిపిల్లకి సర్దినట్టు అంచులు లోపలికి దోపింది.

"ఎవరైతేనేం, చలి చలే" అంది. డబ్బా నాన్న ముందుకి తోసింది. "అరిసెలు మీరు తినండి. కూడు పెట్టేవాళ్ళకి కూడా కూడు కావాలిగా."

జనవరిలో పుస్తకం కోసం వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే అయ్యగారు కుర్చీలో ముందుకి వంగి భుజాలు ఊగేలా నవ్వారు. తర్వాత శాలువా మీద చెయ్యేశారు. "ఇన్నేళ్ళుగా చదువుతున్నాను. ఆయనకి చలేస్తుందన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు" అన్నారు. ఆయన కళ్ళు తడవడం నేను చూసింది అప్పుడే. ఆ తర్వాత పుస్తకం మంగళగిరి తువ్వాల్లో ఎప్పుడూ రాలేదు, నీలం శాలువాలోనే వచ్చేది.

నాన్న చనిపోయిన ఏడు డిసెంబరులో ఆయన వస్తారా రారా అని నాకు అనుమానంగానే ఉంది. నక్షత్రాలు కట్టిన రోజే వచ్చారు. కానీ లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడ్డారు. శాలువా మూట గుండెలకి ఆనించుకుని, "ఈ ఏడు కూడా చోటుందా తల్లీ?" అన్నారు. నేను రెండో అర ఖాళీ చేశాను. చేతులు కడుక్కుని వచ్చి అందుకున్నాను. నాన్న పోయాక ఈ కొట్టు నాదని నాకు నమ్మకం కలిగింది ఆ రోజే.

ఆయనకి ఇక మిగిలిన బెంగ ఒక్కటే, తను పోయాక పెద్దాయన ఎవరి పాలవుతాడని. ఆయన భార్య, మేం అమ్మగారనే ఆవిడ, అప్పటికే లేరు. కూతురు ఏలూరులో టీచరు, మంచిపిల్ల, కానీ పాత కాగితం దగ్గరికి వెళ్తే తుమ్ములు ఆగవు. ఆ అమ్మాయే పుస్తకాన్ని ఫోటో తీసి ఎవరికో చూపించింది. అది చేతులు మారి దూరాన పాదిర్లకి చదువు చెప్పే ఒక వేదాంత కళాశాల లైబ్రరీకి చేరింది. అక్కడి నుంచి ఒక లైబ్రేరియన్ అమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, కాటన్ చీర, మర్యాదైన మనిషి. అయ్యగారు ఆమెని మా కొట్టుకే తీసుకొచ్చారు, పెళ్ళిచూపులకి పెద్దలు ఉండాలన్నట్టు.

"ప్రపంచం మొత్తం మీద ఈ పుస్తకం ఇంకా నాలుగైదు చోట్లే ఉన్నట్టు తెలుస్తోందండి. మీ ఇంట్లో చెమ్మ, పురుగు. మా దగ్గర ఏసీ గది, గాజు పెట్టె. నష్టం జరగకుండా చూసుకుంటాం" అంది ఆమె.

"సంతోషం. ఒక్క షరతు. డిసెంబరు నెల ఆయన్ని ఈ అమ్మాయి కొట్టుకి పంపాలి."

ఆమె నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి ఆపేసింది. "అరువు పుస్తకం కాదండి ఇది. గది దాటనివ్వకూడదు. రూల్స్ ఒప్పుకోవు."

"సిద్ధాంతం" అన్నారు అయ్యగారు. "పెద్దవాళ్ళకి గిట్టని పండగ వాళ్ళ ఎదుట చెయ్యరాదు. కారణాలు. ఒకటి, అది మర్యాద కాదు. రెండు, మీది వేదాంత కళాశాల, మా ఇంటికన్నా పెద్ద స్టార్ కడతారు. మూడు, ఒకసారి గుళ్ళోంచి గెంటేసినవాణ్ణి మళ్ళీ గాజు పెట్టెలో పెట్టి తాళం వెయ్యడానికి నాకు మనసొప్పదు."

"ప్రయోజనాలు చెప్పలేదండి" అంది ఆ అమ్మాయి. ఆ ఒక్క మాటతో నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

"ప్రయోజనాలేమీ లేవమ్మా. ఇవ్వను" అన్నారు అయ్యగారు. ఆమెకి టీ చెప్పించి, బస్టాండు దాకా మోపెడ్ మీద దింపి వచ్చారు.

మొండితనం ఆయనకి బాగానే ఉంది గాని, వానాకాలానికి అంతకన్నా ఎక్కువుంది. ఆ ఏడు వానలకి గుణదలలో కాలవ పొంగి సందులోకి నీళ్ళొచ్చాయి. చదువుకుంటూ చదువుకుంటూ పుస్తకం కింద టీపాయి మీదే పెట్టి, పక్కింటి వాళ్ళ సామాను ఎత్తడానికి వెళ్ళారట. తిరిగొచ్చేసరికి టీపాయి కాళ్ళు కనబడటం లేదు. మధ్యాహ్నం మా కొట్టుకి వచ్చినప్పుడు ఆయన నిలువెల్లా తడిసి ఉన్నారు. రెయిన్‌కోటు ఆయన ఒంటి మీద లేదు, మూటకి చుట్టి ఉంది.

కింద మూల తడిసింది. అట్ట ఉబ్బింది. అద్దుడు కాగితాలు కత్తిరించి పేజీకి పేజీకి మధ్య పెడుతూ, అవి తడిస్తే మారుస్తూ, ఫ్యాను కింద సాయంత్రం దాకా కూర్చున్నాను. అయ్యగారు పక్కన స్టూలు మీద కూర్చున్నారు. టీ తెప్పిస్తే చల్లారిపోయింది, ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు. నాకు పుస్తకం కన్నా ఆయన్ని చూస్తేనే భయమేసింది.

"దక్కుతుందా తల్లీ?"

"దక్కింది అయ్యగారూ. మూల కాస్త మరకపడుతుంది, అంతే."

అక్కడి నుంచే ఆ లైబ్రేరియన్‌కి ఫోన్ చేశారు. వారంలో ఆమె వచ్చింది. ఆయన తన చేత్తోనే శాలువా చుట్టి ఇచ్చారు. "ఈ శాలువా ఆయనదే. అది మాత్రం తియ్యకండి" అన్నారు. ఆమె పుచ్చుకుని, కాస్త తటపటాయించి, "డిసెంబరు సంగతి మీరేమీ అనలేదండి" అంది.

"అడగనమ్మా. ప్రాణం దక్కడం ముందు. మర్యాదలు తర్వాత."

ఆ డిసెంబరులో నక్షత్రాలు కట్టిన రోజున ఆయన వట్టి చేతులతో వచ్చారు. ఖాళీ అర వైపు చూస్తూ కూర్చున్నారు. నేను కావాలనే అందులో ఏమీ పెట్టలేదు. "ఈపాటికి అక్కడ కట్టేసి ఉంటారు స్టారు" అన్నారు. కాసేపయ్యాక, "మైకులు కూడా ఉంటాయి" అన్నారు. ఆయన్ని నవ్వించాలని, "ఏసీ గదిలోకి పాటలు వినబడవులెండి అయ్యగారూ" అన్నాను. నవ్వారు గాని, నా కోసం నవ్వారు. జనవరిలో మాత్రం కేకు పళ్ళెం తెచ్చారు. ఈ ఏడు అద్దె దేనికండీ అంటే, "ఖాళీ గది ఉంచినందుకు" అన్నారు. ఎండాకాలంలో నిద్రలోనే పోయారు. సువార్తమ్మ కర్ర పట్టుకుని కంకిపాడు నుంచి వచ్చింది. ఎవరూ అడగకుండానే అందరికీ మంచినీళ్ళు అందించింది.

ఇదంతా మొన్న అర తుడిచి, గుడ్డ పట్టుకుని నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. తీసేసిన దారపుండలు మళ్ళీ అరలో పెడదామని వంగాను. అంతలో మెట్ల మీద ఎవరో వచ్చిన చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆ లైబ్రేరియన్ అమ్మాయి. ప్రయాణంలో నలిగిన చీర, భుజాన బ్యాగు. రెండు చేతులా పట్టుకున్న పెట్టెలోంచి నీలం శాలువా అంచు కనబడుతోంది.

"కిందటేడు మా ఏసీ గదిలోనే స్టారు సరిగ్గా ఆయన గాజు పెట్టె మీదే కట్టారండి" అంది కూర్చోకుండానే. "నా టేబులు ఆ పక్కనే. నెలంతా ఆయన వైపు చూడలేకపోయాను. మీ అయ్యగారు నన్ను పాడుచేశారు."

"అందర్నీ పాడుచేశారండి ఆయన. మరి రూల్స్?"

"పుస్తకం అరువివ్వకూడదని రూలుంది. బైండింగు రిపేరుకి బయటికి పంపొచ్చని దాని కిందే ఇంకో రూలుంది. ప్రిన్సిపాల్ గారికి అదే చూపించాను. తడిసిన మూల కూడా చూపించాను. మీరు ఎక్స్‌పర్టు అని చెప్పాను. ఎన్నాళ్ళు పడుతుందో మీరే చెప్పాలి."

చేతులు కడుక్కుని వచ్చి మూట విప్పాను. మూల మరకపడి ఉంది. కాగితం గట్టిగానే ఉంది. మా వృత్తిలో ఎవరికి చూపించినా పూటలో అయ్యే పని అంటారు. నేను అటు తిప్పాను, ఇటు తిప్పాను, కుట్టు నొక్కి చూశాను, నాన్నలాగా కాసేపు ఆలోచించాను.

"నెల పడుతుందండి" అన్నాను.

"వచ్చే ఏడు?"

"ఇంత పెద్ద వయసు కదా. ఏటా చూపించుకోవాలి."

ఆమె మొదటిసారి కుర్చీలో కూర్చుంది. టీ చెప్పించాను, వేడిగా తాగమన్నాను. బస్సుకి టైమైందని లేచి, వెళ్తూ వెళ్తూ బీరువా ముందు ఆగి శాలువా అంచు ఒకసారి లోపలికి దోపింది. ఆమెకి సువార్తమ్మ ఎవరో తెలీదు.

ఆమె వెళ్ళాక రెండో అర వైపు చూస్తూ కూర్చున్నాను. అయ్యగారు లేరన్న దిగులు పోలేదు. కానీ ఇందాకటి కోపం పోయింది. గద్దింపు ఎవరికో చెప్పలేను గాని, ఆదరణ మాత్రం నాకే.

చీకటి పడుతుండగా ఎదుటి ఫ్యాన్సీ షాపువాడు స్విచ్చి వేశాడు. అన్నిటికన్నా పెద్ద నక్షత్రం వెలిగి, ఎర్రటి వెలుగు రోడ్డు దాటి మా కొట్లోకి వచ్చి సరిగ్గా రెండో అర మీద పడింది. గిరాకీ వచ్చే వేళ. పోతే పోయిందని లేచి షట్టరు సగం దించాను.